ఫారం తీసుకున్న మాట

మేనేజర్ తన గదికి రమ్మందనగానే సాఫ్ట్‌వేర్‌లో బగ్గులు, అంటే తప్పులు, పట్టే టెస్టర్ ఒకతను చేస్తున్న పని వదిలేసి వెళ్లాడు.

“టెస్టింగ్ కాన్ఫరెన్సులో మాట్లాడతానని ప్రపోజల్ పంపావట?”

“పంపాను మేడమ్.”

“ఎంపిక చేసేవాళ్లలో నేనూ ఉన్నాను. ఏం మాట్లాడతావో రాయమన్నచోట, ‘మా మేడమ్ అరిచినన్నాళ్లూ మేం బగ్గులు దాస్తూనే ఉంటాం’ అని పెట్టె నిండా ఉంది.”

అతని తల దానంతటదే వాలిపోయింది.

“ఫారం కనిపిస్తే చెయ్యి ఊరుకోదు మేడమ్. పెట్టెలో ఎంత పడుతుందో చూద్దామని నోటికొచ్చింది కొట్టి, అదే మళ్లీ మళ్లీ అతికించాను. అంత పొడుగుంటే తీసుకోదులే అని సబ్మిట్ నొక్కాను.”

“తీసుకుంది.”

“అదీ బగ్గే మేడమ్.” అనేశాక నాలుక కరుచుకున్నాడు.

ఆమె నవ్వలేదు, అరవనూ లేదు. అరిచినా బాగుండేదనిపించింది అతనికి.

“మిగతావాళ్లు చదివి పగలబడి నవ్వారు. ఆ మేడమ్ నేనేనని చెప్పలేక, నేనూ నవ్వాను.”

“క్షమించండి మేడమ్. ఇప్పుడే వెనక్కి తీసుకుంటాను.”

“అది తర్వాత. రేపు మన సాఫ్ట్‌వేర్ రిలీజ్. ఏ బగ్గు దాచావో ముందు అది చెప్పు.”

అతను లేచి వెళ్లి తలుపు వేసి వచ్చాడు. కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

“మొదటి దాన్నుంచి చెప్పనా మేడమ్?”