ఎరుపెక్కిన సీసా

భర్త పోయిన నెలకు, ఆయన పెంచిన నాచు కూడా పోయింది. వంటగదిలో ఖాళీ సీసా పట్టుకుని ఆమె, ఎదురుగా ఆమె మరిది నిలబడి ఉన్నారు.

“నిన్ను ఇల్లు సర్దమన్నాను. ఇది పారబొయ్యమన్నానా?”

“పచ్చగా ఉండేది కదా వదినా. ఎర్రబడితే కుళ్ళిపోయిందనుకున్నాను.”

“ఎర్రబడాలనే దానికి తిండి ఆపేసి ఎండలో మాడ్చాను. అప్పుడే తనను కాపాడుకోవడానికి ఆ ఎరుపు తయారు చేసుకుంటుంది. అది కళ్ళకు మందుగా పనికొస్తుందేమో తేల్చాలనే మీ అన్నయ్య ఇన్నేళ్ళు తంటాలు పడింది.”

“నాకెలా తెలుస్తుంది?”

“తెలియనివాడివి అడగాలి. నోరు లేదా?”

“మీరు నిద్రపోతున్నారు. ఇన్నాళ్ళకు కాస్త కన్ను మూశారని లేపలేదు.”

ఆమె ఖాళీ సీసాను కిటికీ వెలుతురుకు ఎత్తి అడుగున చూసింది.

“మళ్ళీ ఎక్కడైనా తెచ్చుకుందాం వదినా. దొరకదా?”

“దొరికేది వేరే. ఇది ఆయన మేడ మీద వాననీళ్ళ తొట్టిలో వెతికి పట్టుకున్నది. నీకూ చూపించారు. అప్పుడు నువ్వేమన్నావు?”

“పాచికి జోల పాడుతున్నావా అన్నాను.”

“ఘనకార్యమే. సీసా దేంతో తుడిచావు?”

“పాత తువాలుతో.”

“అదీ ఉతికేశావా? నీ శుభ్రం తగలెయ్య.”

“లేదు, తీగ మీద ఆరేశాను. ఎర్ర మరక అలాగే ఉంది.”

“ఎరుపెక్కిన నాచు ఎండినా బతికుండొచ్చు. నీళ్ళూ తిండీ ఇస్తే మళ్ళీ పచ్చబడొచ్చు.”

“పచ్చబడకపోతే?”

“ముందు తువాలు ఇలా తే.”

అతను నీళ్ళు కాచి చల్లార్చాడు. సాయంత్రమైంది. తువాలు ఆమె ఒళ్ళోనే ఉంది, ఇంకా నీళ్ళలో వేయలేదు.