చెలికాడి వేషంలో శ్రీ ఎల్వా గ్రెమూ గారు

సేన్ నది పొంగి, ద్వీపానికి వెళ్ళే వంతెనను దాని మీద కట్టిన ఇళ్ళతో సహా ఊడ్చుకుపోయిన ఏడాది, ఆ వరదకు ఇంకా కొన్ని వారాలుందనగా, జనవరి మొదట్లో వచ్చే ముగ్గురు రాజుల పండుగ మర్నాడు శ్రీ ఎల్వా గ్రెమూ గారు మన నాటక సమాజంలో ప్రవేశించారు. ఆనాడు చెలికాడి వేషంతో మొదలైన వారి రంగస్థల సేవ ఈ ఈస్టర్‌తో, అదే చెలికాడి వేషంతో, సగౌరవంగా పరిసమాప్తమవుతున్నది.

నియోర్ పట్టణంలో చేతితొడుగులు కుట్టే కుటుంబంలో జన్మించిన గ్రెమూ గారు, కులవృత్తిని కాదని ఊరూరా తిరిగే నాటకాల బండి ఎక్కినందుకు తండ్రి ఆగ్రహానికి గురయ్యారు. "రాజు వేషం కట్టిననాడు కబురు పెట్టు, వచ్చి చూస్తా. అందాకా నా గడప తొక్కకు," అని ఆ పెద్దమనిషి తలుపు వేసుకున్నాడట. ఆ మాటను మనసులో మూట కట్టుకుని, వానకు తడిసి ఎండకు ఆరుతూ, చిన్నాచితకా వేషాలెన్నో వేసి, చివరికి పారిస్ చేరి మన బెర్త్ అమ్మగారి ఎదుట నిలిచారు. రాణి వేషాలకు పెట్టింది పేరైన ఆ తల్లి అప్పట్లో మన సమాజానికి పెద్దదిక్కు. ఆమె ఈయనను ఎగాదిగా చూసి, "కంఠం బాగుంది. కానీ ముందు వినడం నేర్చుకో," అని చెలికాడి వేషం చేతిలో పెట్టింది.

విషాద నాటకంలో రాజు దుఃఖం రాజే చెప్పుకోవాలి. కత్తి పోటు కంటబడరాదు, నెత్తురు వేదిక మీద చిందరాదు, చచ్చినవాడి కథ బతికినవాడు వచ్చి పద్యాల్లో చెప్పాలి. చెప్పేవాడికి వినేవాడొకడు కావాలి గదా. ఆ వినేవాడే చెలికాడు. వానికి చప్పట్లుండవు, పూలుండవు. "తరువాత, ప్రభూ?" అనడం, రాజు ముఖంలోకి చూస్తూ నిలబడడం, అంతే వాడి పని.

ఆ రోజుల్లో మన రాజు వేషం శ్రీ బార్తెలెమీ రోష్వాల్ గారిది. ఆయన నోరు విప్పితే పై వరుసల్లోని దుకాణదారులు సైతం టోపీలు తీసేవారు. అయితే వయసు ఎవరినీ విడిచిపెట్టదు. కవి లుబెర్ గారి కొత్త నాటకంలో ఆయన ఒకసారి తడబడ్డారు, ఇంకొకసారి పూర్తిగా ఆగిపోయారు. సమాజం కూర్చుని, నిష్ఠూరమైనా తప్పదనుకుని ఒక నిర్ణయం చేసింది. ఈస్టర్ ముందరి ఉపవాస దినాల్లో నాటకాలుండవు గనుక, వాటికి ముందు మిగిలిన ఆఖరి ప్రదర్శనలో కూడా ఆయన ఆగిపోతే, ఈస్టర్ తరువాత రాజు వేషం గ్రెమూ గారిది. ఆ సంగతి రోష్వాల్ గారికి చెప్పలేదు. గ్రెమూ గారికి మాత్రం చెప్పి, ఆ వేషమంతా వల్లె వేయమన్నారు. ఆయన వల్లె వేశారు. నియోర్‌కు పంపవలసిన కబురు కూడా మనసులో వందసార్లు రాసుకున్నారు.

ఇంతలో వరద వచ్చింది. వంతెన కూలింది, వీధుల్లో పడవలు తిరిగాయి. అయినా ఆ ఆఖరి ప్రదర్శన ఆపడానికి బెర్త్ అమ్మగారు ఒప్పుకోలేదు. "నీళ్ళు వేదిక ఎక్కితే అప్పుడు చూద్దాం. అందాకా కొవ్వొత్తుల వత్తులు కత్తిరించండి," అన్నది. కింది నేల చెమ్మగిల్లడం వల్ల నాటకం చూడవచ్చిన ప్రభువులందరూ కుర్చీలు తెచ్చుకుని వేదిక మీదికే చేరారు. పద్యం అందించే మనిషి వారి ఈకల టోపీల వెనక ఇరుక్కుపోయాడు. అతడు అరిచినా రాజుకు వినబడే దారి లేకపోయింది.

అయిదో అంకం వచ్చింది. కొడుకు ఎలా మరణించాడో రాజు చెలికానికి చెప్పే ఘట్టం. రోష్వాల్ గారు గంభీరంగా ఎత్తుకున్నారు, సగం దాకా నడిపించారు, అక్కడ ఆగిపోయారు. మొదట అది శోకమనుకుని జనం నిశ్శబ్దంగా ఉన్నారు. తరువాత ఎవరో దగ్గారు. కొవ్వొత్తులు పొగ చిమ్మడం మొదలైంది. వృద్ధుడైన రాజు చెలికాని కళ్ళలోకి చూస్తున్నాడు. ఆ చూపులో శోకం లేదు, భయం ఉంది.

గ్రెమూ గారు చేయవలసింది ఏమీ లేదు. చెలికాడి ధర్మం మౌనం. ఆ మౌనాన్ని ఇంకొక రెండు ఊపిరులు పాటిస్తే రాజు కిరీటం తనది, తండ్రి ఇంటి తలుపు తెరుచుకుంటుంది. రావలసిన పాదం ఆయన నాలుక చివరే ఉంది. దాన్ని తానే అనేస్తే పెద్దాయన పరువు పోతుంది, అనకపోతే ఆయన వేషమే పోతుంది. మన పద్యం జంట పాదాలుగా నడిచేది, ఒక పాదం ఏ చప్పుడుతో ముగిస్తే దాని జోడు కూడా ఆ చప్పుడుతోనే ముగియాలి. గ్రెమూ గారు ఒక అడుగు ముందుకు వేసి, రావలసిన పాదం చప్పుడుతోనే ముగిసేలా, నాటకంలో లేని పాదమొకటి అప్పటికప్పుడు కట్టి, ప్రశ్నగా అడిగారు:

"చెప్పుమా, ప్రభూ, ఎటు మళ్ళెను ఆ రాకొమరుని రథం?"

ఆ చివరి చప్పుడు చెవిన పడగానే పెద్దాయన తల ఎత్తారు.

"దుమ్ము కమ్మిన దారి, అదియే అతని తుది పథం."

అక్కడి నుంచి కొంత నడిచింది. మళ్ళీ ఆగింది.

"ఎవ్వరి ఒడిలో, ప్రభూ, వాలెను ఆ యువ శిరం?"

"పగవాడే కన్నీట తడిపెను వాని కరం."

ఇక ఆగలేదు. తెర పడేసరికి టోపీలు గాలిలో ఉన్నాయి.

లోపల వేరే నాటకం నడిచింది. కవి లుబెర్ గారు ఊగిపోతూ వచ్చారు. "నేను రాయని పాదాలు రెండు నా నాటకంలో విన్నాను. ఎవడి పైత్యం అది?"

"నాదేనండి. తప్పయింది," అన్నారు గ్రెమూ గారు.

రోష్వాల్ గారు పొడుగు జుట్టు టోపీ ఊడదీసి బల్ల మీద కొట్టారు. "నేను ఊపిరి బిగించి ఏడిపించబోతుంటే మధ్యలో నీ గోలేమిట్రా? చెలికాడంటే గుమ్మం లాంటివాడు. గుమ్మం మాట్లాడుతుందా?"

"మాట్లాడకూడదండి."

"మరి?"

"ఇకమీదట చూసుకుంటానండి."

అందరూ వెళ్ళాక బెర్త్ అమ్మగారు ఆయన్ను ఆపింది. "నోరు మూసుకుని నిలబడితే నీదయ్యే వేషమయ్యా అది."

"తెలుసమ్మా."

"మీ నాన్నకు ఏం కబురు పెడతావు?"

"ఇంకా ఆలోచించలేదు."

"మతి ఉండే చేశావా?"

"ఆయన నా మొహంలోకే చూస్తున్నారమ్మా. అక్కడ నా పని వినడం. వినబడకపోతే అడగాలి గదా," అన్నారాయన.

రోష్వాల్ గారు ఆ పైన కొన్నేళ్ళు రాజుగానే ఉన్నారు. ఆయన తరువాత రువాఁ పట్టణం నుంచి పడుచువాడు వచ్చాడు. రాజు వేషం మళ్ళీ గ్రెమూ గారి గుమ్మం తొక్కలేదు, ఆయన దాని కోసం ఎవరి గుమ్మమూ తొక్కలేదు. తండ్రి గారు మాత్రం మనసు పట్టలేక ఒక ఏడు తానే పారిస్ వచ్చి, నాటకమంతా చూసి, "నోరు మూసుకున్నందుకు కూడా మీ ఊళ్ళో డబ్బిస్తార్రా?" అని, ఆ వెంటనే, "ఆ రాజు ఏడుస్తుంటే నేను నిన్నే చూస్తూ కూర్చున్నానురా," అన్నాడట. మన సమాజంలోకి వచ్చిన ప్రతి కొత్త నటుడూ మొదటి ఏడాది ఆయన పక్కన నిలబడి వినడం నేర్చుకున్నవాడే. నాటకశాలలు మారాయి, కవులు మారారు, జోళ్ళ మడమలు పెరిగాయి, తరిగాయి. ఆయన నిలబడే చోటు మారలేదు.

ఈ శీతకాలంలో చెవి మందగించిందని తెలియగానే, ఎవరూ అడగకముందే వారే వచ్చి సెలవు కోరారు. ఉండమని ఎంత బతిమాలినా వినలేదు. "వినబడనివాడు విన్నట్టు నటించడం నా వల్ల కాదు," అన్నారు. ఆ మాట మీద నుంచి కదలలేదు.

నియోర్‌లో తండ్రి వదిలిన ఇంటి పెరట్లో బేరిపండ్ల చెట్లున్నాయట. వాటి నీడన, వేడి సూపు, మంచి ద్రాక్షసారా, చెవి దగ్గరకు వచ్చి మాట్లాడే మనుషులు కరువు కాకుండా, శ్రీ గ్రెమూ గారు నిండు ఆరోగ్యంతో నూరు శీతకాలాలు దాటాలని మన సమాజం మనసారా కోరుకుంటున్నది. వారెటువంటి మనిషో తెలియని పిల్లలు మనలో ఎవరైనా ఉంటే, ఆ ప్రదర్శన కథతో ఆపక, మర్నాడు పొద్దున ఆయన చేసిన పని కూడా చెప్పండి.

మర్నాడు పొద్దున, వీధిలో నీళ్ళు ఇంకా మొదటి మెట్టు మీదే ఉండగా, గ్రెమూ గారు పడవ మాట్లాడుకుని రోష్వాల్ గారి ఇంటికి వెళ్ళి తలుపు తట్టారు.

"మళ్ళీ నువ్వేనా? ఎందుకొచ్చావు?" అన్నారు పెద్దాయన.

"నిన్న మీకు అడ్డం వచ్చాను గదండీ. మళ్ళీ అలా జరగకుండా నా వంతు వల్లె వేసుకుందామని వచ్చాను," అన్నారు గ్రెమూ గారు, తడిసిన జోళ్ళు విప్పి గుమ్మం దగ్గర పెడుతూ. "మీరు మీ పద్యాలు మొదటి నుంచీ చెబుతూ ఉండండి. నేను వింటాను."