కొత్తకి గుప్పెడు సామలు

అరకు పైనున్న ఆ కొండ ఊళ్లో, తొలి సామలు దేవతకి పెట్టి ‘కొత్త’ చెయ్యందే ఎవరూ ఏ పంటా కొయ్యరు. ఆ కొత్త చేసే పూజారి సుక్రు పొద్దున్నే వదిన సోములమ్మ అరుగెక్కి, అడగాల్సింది తప్ప అన్నీ అడుగుతున్నాడు.

“మేక బాగుందా, వదినా?”

“ఇందాకే అడిగినావు. బాగుంది.”

“కాలు నొప్పి?”

“అదీ అడిగినావు. తగ్గలేదు. ఏటి సంగతి?”

“ఏటీ లేదు. మద్దతు దరకి సోళ్లు కొనే లారీ వచ్చే సోమవారమట.”

“విన్నాను.”

“ఈలోగా కొత్త సెయ్యాల.”

“సెయ్యి. పూజారివి నువ్వే కదా.”

“సేస్తాను, సేస్తాను. కోడుంది. పసుపుంది. గుప్పెడు సామలు...”

“ఊఁ.”

“గుప్పెడే, వదినా.”

“ఊరంతా ఏటేసినారు?”

“సోళ్లే. సామలకి మద్దతు దర లేదని, రాగులకే, అదే మన సోళ్లకే ఉందని యవసాయం ఆఫీసమ్మ సెప్పింది కదా. పక్కూరోళ్లూ సోళ్లే.”

“సంతలో షావుకారి దగ్గర సామల పేకెట్లున్నాయి.”

“పేకెట్ సామలు దేవత ముట్టదు. మన కొండ మీదే పండాల. ఈ ఏటివే.”

“తెలిసే మానేసినారు.”

“నీ మీదే దైర్యం, వదినా. అవతల కొండ మీద నీ బూమి సెక్క ఉంది, సోములమ్మ ఎలాగా సామలేస్తాది అనుకున్నాం.”

“ఎల్లి సూసినారా?”

“అంత ఎత్తు ఎవరెక్కుతారు?”

“పోయినేడు సామలేసినానని సంతలో అందరి ముందూ నన్ను పిచ్చిదన్నది ఎవరు?”

“నేనే. తప్పయిపోనాది. కొత్త కాకపోతే కొడవలి పెట్టలేం. లారీ ఖాళీగా పోతాది. ఊరి కష్టమంతా సేలోనే రాలిపోతాది. బయంగా ఉంది, వదినా.”

“నీ సేలో ఓ మూలైనా ఏసుకోలేకపోయినావా?”

“ఏద్దామనే అనుకున్నాను. ఆ మూల్లో కూడా మూడు కుంచాల సోళ్లొస్తాయని మా ఇంటిది...”

“అంటే నీ దగ్గర లేవు.”

“లేవు.”

“ఓ పిడికెడు కూడా?”

“లేవనే కదా వచ్చినాను. ఏటి, అలా కూకుండిపోయినావు? లోపలికెల్లి తే, బేగి.”

“మొన్నట్నుంచీ నేనే నీ దగ్గరికి రావాలనుకుంటన్నాను, సుక్రూ. ఈ కాలు రానివ్వలేదు.”

“నా దగ్గరికా? దేనికి?”

“ఎవరు మానేసినా పూజారి ఏస్తాడులే అని, ఈ ఏడు నేనూ సోళ్లే ఏసినాను.”