కాళ్ళందని బల్ల

ఏ బల్ల? కొండదారిలో ఉన్న రాతిబల్లా? బిలోడో వాళ్ళ ఇల్లు దాటాక, వంపు రాకముందు, అదేనా? దాని మీద కూర్చున్నావా ఇప్పుడు? ఆఁ, ఎత్తుగానే ఉంటుంది మరి. కాళ్ళు నేలకి అందలేదు కదూ. ఎవరికీ సరిగ్గా అందవులే. ఊళ్ళోవాళ్ళు అది కొలత తప్పిన బల్ల అనుకుంటారు, చెక్కినవాడు తాగి చెక్కాడని కూడా అంటారు. తాగీ చెక్కలేదు, తప్పీ చెక్కలేదు. అది మీ తాత ఓరెస్టే చేసిన బల్ల. మా అన్నయ్య చేతిలో కొలత వెంట్రుకవాసి తప్పితే ఆ రోజు అన్నం ముట్టేవాడు కాదు. సరే, ముందు కోటు విప్పి కూర్చో. కాఫీ పోస్తాను. ఆ కప్పు కాదు కోరిన్, దాని చెవి మరీ చిన్నది, నీ వేళ్ళు దూరవు. ఈ పెద్దది తీసుకో. రెండు చేతులతో పట్టుకో, వేడికి కాస్త హాయిగా ఉంటుంది. పొద్దున్నే ఇంకా అలాగే బిగుసుకుపోతున్నాయా వేళ్ళు? గంటసేపా? మీ నానమ్మకి పదకొండు దాటేది. పదకొండింటిదాకా ఆవిడ చొక్కా గుండీలు నేనే పెట్టేదాన్ని.

నువ్వు ఆవిడని చూడలేదు. ఆర్జియా వదిన పోయేనాటికి మీ నాన్న రేమోకే పదిహేడేళ్ళు. ఫోటోల్లో చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడి ఉంటుందే, ఆవిడే. ఫోటో తీసేవాడు రాగానే చేతులు వెనక్కి పోయేవి. మాట చాలా పొదుపు మనిషి. అంటే భయస్తురాలు కాదు సుమా. ఒక్క మాట అనేది, అదే అనేది, ఇంక తిరుగుండేది కాదు. నాకన్నా పన్నెండేళ్ళు పెద్ద. ఆవిడ పెళ్ళై ఈ ఇంటికొచ్చేసరికి నాకు తొమ్మిదేళ్ళు. మా అమ్మ తర్వాత నాకు జడలు వేసింది ఆవిడే. ఏం చెబుతున్నాను? ఆఁ, బల్ల. బల్ల దగ్గరికి వస్తా, తొందరపడకు. అసలు సంగతి దుమ్ముతో మొదలవుతుంది.

మీకు దుమ్మంటే తుడుచుకునేది. మా రోజుల్లో ఈ ఊళ్ళో దుమ్మంటే గ్రానైటు దుమ్ము. అది షెడ్డులో రాయి చెక్కే మగవాళ్ళ ఊపిరితిత్తుల్లో పేరుకునేది, నలభై దాటకుండా తీసుకుపోయేది. మా నాన్నని అలాగే తీసుకుపోయింది. నేను చంటిపిల్లని. శానిటోరియం కిటికీ బయట నిలబెట్టి నన్ను పైకెత్తి చూపించేవారట, లోపల్నుంచి ఆయన చెయ్యి ఊపేవాడట. తర్వాత దుమ్ముని పీల్చేసే గొట్టాలు పెట్టారు షెడ్లలో. మగవాళ్ళు గండం గడిచిందన్నారు. ఆడవాళ్ళు మాత్రం నమ్మలేదు. అందుకే ఏ ఇంట్లోనూ మగవాడు షెడ్డు బట్టలతో వెనక వసారా దాటి లోపలికి వచ్చేవాడు కాదు. టోపీ, కోటు, చొక్కా అక్కడే విప్పాలి. భార్య మూతికి తడిగుడ్డ కట్టుకుని వాటిని దులిపి, విడిగా ఉడకబెట్టి ఉతకాలి. ఆర్జియా వదిన ఉతుకు ఊళ్ళో పేరు మోసింది. ఆవిడ పిండిన చొక్కా ఇంకొకరు పిండితే చుక్క నీరు రాలేది కాదు. ఇంకో మాట కూడా చెప్పాలి. మా నాన్నని పూడ్చిపెట్టిన రోజున అన్నయ్య ఒట్టు పెట్టుకున్నాడు. దుమ్ము తన ఇంట్లో ఎవరి ఊపిరిలోకైనా వచ్చిందంటే ఆ రోజే ఉలి కింద పెట్టేస్తానని. పెళ్ళికి ముందు ఆ మాట వదినకి కూడా చెప్పాడు. ఆ మాట గుర్తుపెట్టుకో, మిగతాదంతా దాని మీదే నడిచింది.

తర్వాత వదిన చేతులకి జబ్బు వచ్చింది. మొదట ఉంగరం వేలు, తర్వాత మణికట్లు, ఆ తర్వాత మోకాళ్ళు. మొక్కజొన్న సంకటి కలపడానికి కర్ర తిప్పలేకపోయేది. డాక్టరు కీళ్ళవాతం అన్నాడు. ఆస్పిరిన్ గుప్పెళ్ళతో మింగింది. బంగారం సూదులని ఉండేవి అప్పుడు, నిజంగా బంగారమే కలుపుతారట అందులో. అన్నయ్య నవ్వేవాడు, పెళ్ళికి పెట్టలేకపోయిన బంగారం ఇప్పుడు లోపల పెడుతున్నానని. బట్టలు పిండటం ఆయన పనైంది. శనివారం మధ్యాహ్నం వెనక పెరట్లో చొక్కాలు పిండుతుంటే దారినపోయే షెడ్డు వాళ్ళు మా ఇంటికి కూడా రారా ఓరెస్టే, మా ఆవిడ దగ్గర రెండు దుప్పట్లున్నాయి అనేవాళ్ళు. ఆయన పిండిన నీళ్ళు వాళ్ళ మీద చల్లేవాడు. కానీ దులపటం మాత్రం ఆవిడ వదల్లేదు. వేళ్ళు వంకర్లు పోయినా సరే, కర్ర రెండు మణికట్ల మధ్య ఇరికించుకుని దులిపేది. మోచేతుల మీద శనగగింజలంత గడ్డలు లేచాయి. కళ్ళు ఎండిపోయి మండేవి. మేమందరం చేతులే చూశాం. చేతుల జబ్బు అని పేరు పెట్టేశాం, ఇంక చేతుల దాకానే దాని రాజ్యం అనుకున్నాం.

ఇంకేముంది, ఒక ఏడాది శీతాకాలం ముందర మా వదిన వాగుడుకాయ అయిపోయింది. నవ్వకు, నిజం. కింద కొట్టుకి వెళ్ళి కొండెక్కి వస్తూ ప్రతి గేటు దగ్గరా ఆగేది. ఐదు గేట్లు. అక్కడ ముసలాయన యాపిల్ చెట్టు బాగుందనేది, ఇక్కడ కర్టెన్లు ఎక్కడ కొన్నారని అడిగేది. బిలోడో ఆవిడ దగ్గరైతే ఇంక చెప్పక్కర్లేదు. ఆవిడకి పదహారు కోళ్ళు, పదహారింటికీ పేర్లు, పదహారింటికీ జబ్బులు. వదిన గేటు పట్టుకుని నిలబడి అవన్నీ వినేది. ఊరంతా అనుకుంది, ఆర్జియాకి జబ్బు చేశాక మనుషుల మీద ప్రేమ పుట్టిందని. అన్నయ్య కూడా మురిసిపోయాడు. ఇన్నేళ్ళకి నోరు తెరిచిందిరా మా ఆవిడ అని షెడ్డులో చెప్పుకున్నాడు పాపం.

ఒకరోజు నేను కూడా వెళ్ళాను కొట్టుకి. సంచి నేను మోస్తున్నాను, ఆవిడ ముందు నడుస్తోంది. నా బూటు లేసు ఊడితే వెనకబడ్డాను. తలెత్తి చూస్తే వదిన బిలోడో వాళ్ళ గేటు పట్టుకుని మాట్లాడుతోంది. కోళ్ళెలా ఉన్నాయి, ఆ ఎర్రదానికి తగ్గిందా అంటోంది. దగ్గరికి వెళ్ళాను కదా, అక్కడ ఎవరూ లేరు. తలుపు వేసి ఉంది, పొగగొట్టంలోంచి పొగ లేదు, బిలోడో వాళ్ళు అంతకుముందు రోజే కూతురింటికి వెళ్ళారు. ఆవిడ మూసిన తలుపుతో మాట్లాడుతోంది. ముఖం సున్నం కొట్టినట్టుంది. భుజాలు పైకీ కిందకీ ఎగురుతున్నాయి. ఒక మాటకీ ఇంకో మాటకీ మధ్య గాలి అందక నోరు తెరుస్తోంది.

నేను సంచి కింద పడేశాను. అప్పుడు చెప్పింది. రెండేళ్ళుగా అంతేనట. పడుకుంటే గుండెలో పొడిచేదట, ముందుకి వంగి కూర్చుంటే తగ్గేదట. పదడుగులు ఎక్కితే ఆగాలి, ఊరికే ఆగితే అందరూ అడుగుతారు, అందుకని ముచ్చట్లు. ఇది దుమ్మే పిల్లా, అంది. పద్నాలుగేళ్ళు ఆయన బట్టలు దులిపాను, మీ నాన్నకి వచ్చిందే నాకూ వచ్చింది. ఆయనకి తెలిస్తే ఉలి వదిలేస్తాడు, వదిలేసి బతికినన్నాళ్ళూ నన్ను తనే చంపానని కుళ్ళిపోతాడు. నువ్వు నోరు తెరిచావంటే జన్మలో నీ ముఖం చూడను, అంది. దుమ్ముకి మందు లేదని ఈ ఊళ్ళో చంటిపిల్లకి కూడా తెలుసు. మందు లేనిదానికి డాక్టరెందుకు? నాకూ అది సబబుగానే తోచింది. ఇరవైమూడేళ్ళు నాకు అప్పుడు, చదువుకున్నదాన్ని, ఉద్యోగం చేస్తున్నదాన్ని. ఒట్టు వేశాను.

ఆ శీతాకాలమంతా నోరు మూసుకున్నాను. ఆదివారం అందరం భోజనానికి కూర్చుంటే ఆవిడ నావైపు చూసేది, నేను పళ్ళెంలోకి చూసేదాన్ని. మార్చిలో ఎక్స్‌రే బండి వచ్చింది షెడ్డు గేటుకి, ఏటా వచ్చేదే. మగవాళ్ళు చొక్కాలు విప్పి వరసలో నిలబడ్డారు. భార్యలకి తీసేవాళ్ళు కాదు. ఆ బండివాడి కాళ్ళు పట్టుకునైనా వదినకి ఒక్కటి తీయించొచ్చు కదా. ఆ బండి చుట్టూ రెండుసార్లు తిరిగి వచ్చేశాను. ఒట్టు వేసినదాన్ని కదా, పెద్ద మాట మీద నిలబడేదాన్నని గొప్ప. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఏప్రిల్లో, మంచు కరిగి దారంతా బురదగా ఉన్న రోజుల్లో, వెనక వసారాలో అన్నయ్య కోటు దులుపుతూ పడిపోయింది. పెదాలు నీలంగా ఉన్నాయి. ఆసుపత్రిలో కొత్తగా వచ్చిన ఒక కుర్ర డాక్టరు చూశాడు. వీపులోంచి సూది వేసి నీళ్ళు తీశాడు, పెద్ద సీసా నిండింది. అన్నయ్య టోపీ చేతుల్లో నలుపుతూ ఒక్కటే అడిగాడు. "నా బట్టల దుమ్మేనా?" ఆ కుర్రాడు ఎక్స్‌రే దీపానికి ఎదురుగా పట్టుకుని చూపించాడు. దుమ్ము మచ్చ ఒక్కటి కూడా లేదన్నాడు. తర్వాత ఆవిడ చెయ్యి తీసుకుని, చొక్కా పైకి మడిచి, మోచేతి మీద గడ్డలు నొక్కి చూశాడు. ఇదంతా ఈ జబ్బే అన్నాడు. మాకు అర్థం కాలేదు. చేతుల జబ్బుకి ఊపిరేమిటి? అప్పుడు విడమరిచి చెప్పాడు. ఇది చేతుల జబ్బు కాదమ్మా, ఒళ్ళంతటి జబ్బు, చేతుల్లో ముందు కనబడుతుందంతే. ఇంటి కాపలాకి పెట్టిన కుక్క ఇంట్లోవాళ్ళనే కరిచినట్టు, రోగాన్ని అడ్డుకోవాల్సిన రక్తమే ఒంటి మీద పడుతుంది. కీళ్ళలోని పొరని కొరుకుతుంది, ఊపిరితిత్తుల చుట్టూ ఉన్న పొరని కొరుకుతుంది, గుండె చుట్టూ ఉన్న సంచిని కొరుకుతుంది, కళ్ళని ఎండబెడుతుంది. అలా అన్నీ ఒకటే అన్నాడు.

వదిన మంచం మీంచి అయితే దుమ్ము కాదా అంది. కాదన్నాడు. మళ్ళీ అడిగింది. మూడోసారి కూడా అడిగింది. తర్వాత కళ్ళు మూసుకుని అంది కదా, "అయితే ఆ కోళ్ళ గోలంతా ఊరికే విన్నానన్నమాట." అన్నయ్య నవ్వబోయి ఏడ్చాడు. దుమ్ము కాదని తెలిసినందుకు మొదట సంతోషించాం, అది నిజం. ఆ సంతోషం ఆసుపత్రి నడవా దాకా ఉంది. అక్కడ డాక్టరు మా ఇద్దరినీ ఆపి, ఊపిరి తేలికవుతుంది, మందిస్తాను, కానీ గుండె చుట్టూ సంచి బాగా గట్టిపడింది, రెండేళ్ళ ముందు తెచ్చి ఉంటే ఇంత కాకపోను అన్నాడు. కనీసం పోయిన శరదృతువులో తెచ్చినా బాగుండేదన్నాడు. అన్నయ్య నావైపు తిరిగి చూశాడు. నా ముఖంలో ఏం కనబడిందో ఏమో. నీకు తెలుసా అన్నాడు. తెలుసన్నాను.

తిట్టలేదు. తిడితే బాగుండేది. నలభై రోజులు నాతో మాట్లాడలేదు. నలభై ఒకటో రోజు షెడ్డు నించి తిన్నగా నా దగ్గరికి వచ్చి, పద, ఎక్కడెక్కడ ఆగేదో చూపించు అన్నాడు. ఐదు గేట్లూ చూపించాను. ఒక్కో గేటు దగ్గరా నిలబడి, ఆవిడ పట్టుకునే కమ్మీ మీద చెయ్యి వేసి చూశాడు. అన్నిటికన్నా ఏటవాలుగా ఉన్నచోట నేల మీద మడమతో గీత గీశాడు. ఆ తర్వాత షెడ్డులో నల్లమచ్చ పడిందని పక్కన పారేసిన రాయి ఒకటి అడిగి తెచ్చుకున్నాడు. రాతిలో గులాబీలు చెక్కినవాడు, రేకు మీద చీమ పాకుతున్నట్టు చెక్కగలవాడు, ఆ బల్ల మీద గీత ఒక్కటి పెట్టలేదు. పేరు కూడా లేదు. ఎత్తు మాత్రం ఇంట్లో వదినని నిలబెట్టి కొలిచాడు. ఆవిడ మోకాళ్ళు వంగేవి కావు కదా. మామూలు బల్ల మీద కూర్చుంటే మళ్ళీ లేవలేదు. ఇదైతే ఊరికే వెనక్కి ఆనితే చాలు, కూర్చున్నట్టే, లేచినట్టే. అందుకే నీ కాళ్ళు అందలేదు. అది నీకోసం కొలిచిన బల్ల కాదు.

ఆరేళ్ళు కూర్చుంది దాని మీద. బిలోడో ఆవిడకి కోపం కూడా వచ్చింది, బల్ల వచ్చాక ఆర్జియా మా గేటుకి రావడం మానేసిందని. తర్వాత ఆవిడే అల్లిక పట్టుకుని బల్ల దగ్గరికి వచ్చేది. అప్పటికి వదినకి కోళ్ళ మీద నిజంగానే ఆసక్తి పుట్టింది. చివర్లో కాళ్ళు వాచాయి, పొట్ట వాచింది, గుండె ఆ గట్టిపడ్డ సంచిలో కొట్టుకోలేకపోయింది. నలభైరెండేళ్ళు. సమాధి మీద గులాబీలు చెక్కమని అందరూ అడిగారు అన్నయ్యని. చెక్కలేదు. నాతో మళ్ళీ మామూలుగానే ఉన్నాడు, ఎన్నడూ ఎత్తిపొడవలేదు, ఆయన పోయేదాకా కాఫీ నా చేతిదే తాగాడు. నేనే మర్చిపోలేకపోయాను.

ఇంకో బిస్కెట్ తీసుకో. సోంపు వేశాను. ఇప్పుడైతే మంచి మందులున్నాయి, నువ్వే చెప్పావు, నెలకోసారి సూది వేసుకుంటున్నావు, వేళ్ళు అదుపులో ఉన్నాయి. మీ డాక్టరమ్మ వేళ్ళు చూస్తుంది, మోకాళ్ళు చూస్తుంది. బాగానే ఉంది. నువ్వు చెబితేనే కదా మిగతాది చూసేది.

ఈ కిటికీలోంచి ఆ దారంతా కనబడుతుంది కోరిన్. నువ్వు వచ్చేటప్పుడు చూస్తూనే ఉన్నాను. కింద యాపిల్ చెట్టు దగ్గర ఆగి ఫోను చూసుకున్నావు. బిలోడో వాళ్ళ గేటు దగ్గర ఆగి మళ్ళీ చూసుకున్నావు. తర్వాత బల్ల. పోయిన నెల వచ్చినప్పుడు బల్ల దగ్గర ఒక్కచోటే ఆగావు. ముప్పైఆరేళ్ళదానివి, చిన్నప్పుడు ఈ కొండ పరిగెత్తుకుంటూ ఎక్కేదానివి. నేను ఈసారి ఎవరికీ ఒట్టు వెయ్యను, ముందే చెబుతున్నాను.

ఏదీ, ఆ ఫోను ఇలా ఇవ్వు. ఇందాక చెట్టు కింద ఏం చూశావో నాకూ చూపించు.