కత్తెర గుర్తు మీద వేలిముద్ర

మూసీ పొంగి మూసారాంబాగ్ వంతెన మీదుగా పారిన సంవత్సరం అది. వరద తీసి చలి వచ్చింది. ఊళ్లలో సర్పంచు ఎన్నికలు ముగిసి నాలుగు రోజులైంది. చైతన్యపురిలో అపార్ట్‌మెంటు గోడ పక్కన గోపయ్య ఇస్త్రీ బండి. చొక్కా కోసం నిలబడ్డాయన మూడో అంతస్తు జోగారావు, ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైనవాడు. చిట్యాల అవతలి ఊరి నుంచి వచ్చినవాడు గోపయ్య అన్న కొడుకు మహేందర్.

“నాలుగువందల పన్నెండు మాకు, నాలుగువందల పన్నెండు వాళ్లకు. సమానం సార్. చెల్లదని తీసేసిన ఒక్క ఓటు చెల్లితే నా భార్య సంధ్యారాణి ఇయ్యాల సర్పంచి.”

“మళ్లీ లెక్కపెట్టమని అడగలేదా బాబూ?”

“రెండుసార్లు లెక్కవెట్టిన్రు. ఇగ చీటీలేసిన్రు. ఆఫీసరు కండ్లు మూసుకొని టిఫిను డబ్బల చెయ్యి పెట్టిండు. ఉంగరం గుర్తోళ్ల చీటొచ్చింది. అయిపోయింది. ఐదేండ్లు అయిపోయింది. గిట్లుంటదా చిన్నాయినా ఎక్కడన్న?”

“జర జరుగు. ఇస్త్రీ పెట్టె కాలుతది.”

“నేనేమంటున్న, నువ్వేమంటున్నవ్?”

“ఇంటున్న. చెప్పు.”

“వకీలు దగ్గరికొచ్చిన, దిల్‌సుఖ్‌నగర్‌ల. రెండు గంటలు కూసోవెట్టి, కేసు వెయ్యొచ్చుగని అది తెగేసరికి మళ్ల ఎలక్షన్లొస్తయని చెప్పి పంపిండు. గంత దానికి నేను పొద్దుగాల్ల బస్సెక్కి రావాల్నా?”

“అదలా ఉంచు. చెల్లనిది ఒక్కటే అన్నావు. ఖాళీ కాగితమా? రెండు గుర్తుల మీద పడిందా?”

“రెండూ కాదు సార్. ముద్ర గుద్దాల్నా, వద్దా? గుద్దలే. మా కత్తెర గుర్తు మీద, సక్కగ కత్తెర మీద, గీత దాటకుండ, ఎవరో బొటనేలు పెట్టిన్రు. వేలిముద్ర.”

“అయితే చెల్లదు.”

“ఎందుకు చెల్లది సారూ?”

“చెల్లదు గోపయ్యా. ఓటు ఎవరిదో పట్టిచ్చే గుర్తేదీ దాని మీద ఉండకూడదు. వేలిముద్రంటే సంతకం పెట్టినట్టే కదా. పైగా పోలింగ్ బూత్‌లో పెట్టిన రబ్బరు ముద్రతోనే గుద్దాలి. పదకొండు ఎలక్షన్లకు డ్యూటీ చేశానయ్యా నేను. కాగితం ఓట్ల రోజుల్లో ఇలాంటివి ఎన్ని పక్కన పడేశానో.”

“కత్తెర మీదనే పెట్టిండు గదా. ఎవరికేసిండో తెలుస్తలేదా?”

“తెలుస్తుంది.”

“తెల్సి గూడ తీసేసుడేనా?”

“రూలు అంతే. తెలియక తీసెయ్యరు, తెలిసే తీసేస్తారు.”

“నేనూ గదే కొట్లాడిన చిన్నాయినా. ఆఫీసరు కాళ్లు మొక్కిన. ‘నాకు తెలుసు బాబూ, నీకు పడాల్సిందే’ అన్నడు. అని పక్కన పెట్టిండు. మంచిగ మాట్లాడుకుంట మునగగొట్టిండు.”

“వంకాయ రంగు సిరానా?”

“ఏం రంగైతే ఏంది? నీకు రంగెందుకిప్పుడు?”

“ఉత్తగనే అడిగిన.”

“మిషన్లు అలవాటైపోయి ఉంటాయి బాబూ. మిషనైతే వేలితో నొక్కడమేగా. సర్పంచు ఎన్నికకేమో కాగితం. పెద్దవాళ్లు తికమక పడతారు.”

“తికమక కాదు సార్, కావాలని చేసింది. ముద్ర దాక్కొని లేదు గదా, బల్ల మీద ఇంత లావుది పెట్టిన్రు. వేలు పెడితే చెల్లదని ఎవరో నేర్పిచ్చి పంపిన్రు. మాకేసినట్టు కనవడాలె, మాకు పడొద్దు.”

“చేసింది అంటున్నావ్. ఎవరో తెలిసిందా?”

“తెల్వకేం. నాలుగో వార్డు కట్టల దొరికింది గా ఓటు. ఆ వార్డుల సంతకం రానోళ్లు ఐదుగురు. ముగ్గురు మా ఇంటోళ్లే. ఇగ చిన్నాయిన. చిన్నాయిన సంగతి అనుకునుడే లేదు, ముప్పై ఏండ్ల సంది పట్నంల బతుకుతున్నోడు, గింత తెలివి ఉండదా? మిగిలింది ముత్తవ్వ.”

“ముత్తమ్మక్కనా?”

“ముత్తమ్మే. ఉంగరం గుర్తోళ్లు చీరె పెట్టిన్రంట. వద్దనలే, తీస్కున్నది.”

“చీరె అందరికి పెట్టిన్రు. మీ అమ్మకు గూడ పెట్టిన్రు.”

“మా అమ్మ ఓటు మాకే వేసింది.”

“అక్క ఏమంటున్నది?”

“ఏమంటది. ముద్రనే గుద్దిన, నా బిడ్డ మీద ఒట్టు అంటది. ఇది పెట్టలే అని పోయినోళ్లకు ఒచ్చినోళ్లకు బొటనేలు సూపిస్తది. ఊళ్లె పోరగాండ్లు బొటనేలు ముత్తమ్మని పేరు పెట్టిన్రు. గది ఒక్కటే మంచిగైంది.”

“తప్పు బాబూ. ఓటు రహస్యం. ఎవరు ఎలా వేశారని అడిగే హక్కు నీకు లేదు.”

“మీకేం సార్, పైనుంచి చెప్తరు. ఇల్లు ఇల్లు తిరిగిందెవరు? సంధ్యారాణి కాళ్లు చూస్తే తెలుస్తది. వాగు మీద వంతెన కోసం కలెక్టరాఫీసు ముంగట కూసుంటనని ఊరంత చెప్పింది. వాన పడితే మా ఊరు రెండు ముక్కలు. గెలిచినోళ్లయి నాలుగు ఇసుక ట్రాక్టర్లు. వంతెనెందుకు వాళ్లకు? వాగు ఎంత పెద్దగొస్తే అంత ఇసుక.”

“అందుకే చెబుతున్నా, ఒక్క ఓటు అయినా విలువే. ఈ గోపయ్యకు ఎన్నిసార్లు చెప్పానో. ఓటేస్తే ఏం మారుద్దంటాడు.”

“ఇప్పుడు గూడ అంట సారూ.”

“ఇప్పుడు కూడానా? కళ్లెదురుగా ఒక్క ఓటుతో...”

“మొన్న వరదకు మా రూముల నడుముల మట్టుకు నీళ్లొచ్చినయ్. సార్ల బట్టలు డెబ్బై జతలు డ్రైనేజీ మోరినీళ్లల్ల మునిగినయ్. మళ్ల ఉతికి మళ్ల ఇస్త్రీ చేసిన. ఒకాయన పడవల ఒచ్చి చెయ్యి ఊపిపోయిండు. పోయిన వరదకు ఇంకొకాయన ఒచ్చిండు. మనిషి మారిండు. నీళ్లు మారలే.”

“నీ ఓటు ఎక్కడుంది? ఊళ్లో. నీళ్లు ఎక్కడొస్తున్నాయి? మూసారాంబాగ్‌లో. వాళ్లకు నువ్వు లెక్కలో లేవయ్యా. ఆయనెందుకు పట్టించుకుంటాడు?”

“మీ ఓటేడుంది సారూ?”

“నాదా? నాది... భీమవరంలో.”

“ఎలక్షన్లొస్తే ఎల్‌బీ నగర్‌ల బస్సు దొరకదని ముందే టికెట్టు చేయించుకుంటరు గదా. మన సందుల డ్రైనేజీ పొర్లినప్పుడు భీమవరపాయన ఒస్తడా?”

“అది వేరు. మా ఊరు కదా, వదులుకోలేం.”

“నాకు గూడ గదే. ఇల్లు కూలింది, భూమి లేదు. లిస్టుల పేరొక్కటున్నది. గది గూడ కొట్టేయించుకుంటే ఆ ఊరికి నేనెవన్ని?”

“మీరిద్దరు ముచ్చట తర్వాత పెట్టుకోండ్రి. చిన్నాయినా, నువ్వు ఒక మాట చెప్పాలె. రేపు పది గంటలకు ముత్తవ్వను బడి ముంగట నిలవెడుతున్నం. పెద్దమనుషులను పిలిచిన. అందరి ముంగట కర్పూరం ఆర్పి ప్రమాణం చెయ్యాలె. తప్పయిందని ఒప్పుకుంటె సరే సరి.”

“ఒప్పుకోకుంటె?”

“ఒప్పుకునేదాక నీళ్లు లెవ్వు.”

“ఏం నీళ్లు?”

“మా బోరు పైపు ఆమె ఇంటికున్నది గదా. బంద్ చేసిన. మూడు దినాలాయె. ఓటు వాళ్లకైతే నీళ్లు గూడ వాళ్ల దగ్గర తెచ్చుకోమన్న.”

“డెబ్బై ఏండ్ల మనిషిరా.”

“ఓటప్పుడు లేదా డెబ్బై ఏండ్లు?”

“బిందె పట్టుకొని వాగుకు పోతున్నదా?”

“పోతున్నది. నన్నేం చెయ్యమంటవ్? నీకు ఆమె మీద గింత బాధెందుకు?”

“గెలువకముందుకే గిట్ల చేస్తివి. గెలిస్తే ఎట్లుంటుండెరా నువ్వు?”

“గదేం మాట చిన్నాయినా. నా బాధ నీకు అర్థమైతలేదు. నువ్వు నా దిక్కా, ఆమె దిక్కా?”

“పైపు ఇప్పు. ఇయ్యాలనే ఇప్పు.”

“రేపు ఆమె ఒప్పుకోంగనే ఇప్పుత.”

“మహేందర్, నువ్వు... ఇగో, ఇది... ఏం లేదు. నీళ్లు తాగుతవా?”

“ఏం లేకుంటే పిలుస్తవేంది? ఒద్దు, చాయ్ గూడ ఒద్దు. చీకటి పడకముందుకే ఊళ్లె ఉండాలె. నువ్వు పోయినసారి సర్పంచు ఎలక్షన్లకు రాలే, చిన్నమ్మ దవాఖానల ఉండె. ఈసారి పని ఇడిసి ఒచ్చి మాకేసినవ్, గది మర్చిపోను. మంచిగుండు. పోతున్న సార్.”

“వెళ్లిరా బాబూ. నిదానంగా ఆలోచించు. ... కుర్రాడు బాగా మండిపోతున్నాడు గోపయ్యా.”

“ఊ.”

“అయినా ఇప్పటికైనా ఒప్పుకో. మారదు మారదంటావు. ఒక్క ఓటు ఎంత మార్చిందో చూశావా?”

“మార్చింది సారూ. ముత్తమ్మక్క ఇంటికి నీళ్లు బందైనయ్.”

“నేనన్నది అది కాదు.”

“నాకు గదే కనవడుతున్నది.”

“సరే, నీతో వాదించలేను. చొక్కా అయిందా?”

“పదకొండు ఎలక్షన్లల్ల పక్కన పడేసిన అన్నరు గదా. గవి ఎవరియని ఎన్నడన్న అనుకున్నరా?”

“ఎవరివని ఏముంది. చెల్లనివి చెల్లనివే. కట్ట కట్టి, కవర్లో పెట్టి, పైన సీలు... అనుకోలేదు. పొద్దుపోయేదాకా పని, అంతా అయ్యేసరికి అన్నం దొరికితే చాలనుండేది. ఎందుకడుగుతున్నావ్?”

“ఉత్తగనే.”

“ఇవాళ అన్నీ ఉత్తగనే అడుగుతున్నావు. కాలరు మీద అదేంటయ్యా, మాడినట్టుంది?”

“మాడింది. చెయ్యి ఆగింది సారూ. ఇంకొకటి తెచ్చియ్యాల్నా?”

“ఫర్వాలేదులే, ఇంట్లో వేసుకునేదే. ఇరవై ఏళ్లలో నువ్వు బట్ట మాడ్చగా నేను చూడలేదు. ఒంట్లో బాగుందా?”

“మంచిగనే ఉన్న. పొద్దుగాల్ల ఎల్‌బీ నగర్‌ల మొదటి బస్సు ఎన్నింటికి సారూ? మీరు పోతుంటరు గదా.”

“విజయవాడ వైపా? అయిదుకే ఉంటాయి. నీకెందుకు?”

“ఊరికి పోవాలె. రేపు బండి ఉండది. పైన చెప్పుండ్రి.”

“ఎలక్షన్లకే ఒకరోజు పోయింది నీకు. ఆ తగువులోకి నువ్వెందుకు గోపయ్యా? రేపు వెళ్లి ఏం చెబుతావు?”

“పోయినంక చూస్త. చొక్కా మడతవెట్టిన, తీస్కోండ్రి.”

మర్నాడు పొద్దున గోపయ్య బండి మీద గోనెపట్టా తీయలేదు. ఎల్‌బీ నగర్‌లో మొదటి బస్సెక్కి, చిట్యాలలో దిగి, ఆటో నిండేదాకా గంటకు పైగా కాచుకుని, తొమ్మిదిన్నరకల్లా ఊరి బడి ముందుకు చేరాడు. అప్పటికే పళ్లెంలో కర్పూరం పెట్టి ఉంది. ముత్తమ్మ నేల మీద కూర్చుని ఉంది.

“కర్పూరం తీసెయ్యుండ్రి.”

“చిన్నాయినా? నువ్వెందుకొచ్చినవ్? నిన్న వస్తనని చెప్పలే.”

“ముత్తమ్మక్కను లేపు. ఆమె గాదు.”

“నీకెట్ల తెల్సు?”

“గా వేలు నాది.”

“పరాష్కమాడుతున్నవా? ఇంతమంది ముంగట?”

“పరాష్కం గాదు. నాదే. కత్తెర మీద పెట్టిన. నీకే వేసిననుకున్న. నువ్వు నిన్న చెప్పేదాక నాకు తెల్వది.”

“గోపిగా, నాలుగు దినాల సంది వాగుకు పోతున్న రా. మోకాళ్లు పనిచేస్తలెవ్వు. నిన్ననే తెల్సింది గదా, నిన్ననే చెప్తే ఏంబోతుండె నీకు?”

“చెప్పాల్సుండె అక్కా. నోరు రాలే.”

“ఆగవ్వా, నువ్వాగు. చిన్నాయినా, పట్నంల ఉంటవ్ నువ్వు. అన్ని తెల్సినోనివి. ముద్ర నీ ముంగటనే ఉండె గదా, సిరా డబ్బి పక్కన. కనవడలేదా?”

“కనవడ్డది.”

“కనవడ్డంక గూడ ఎందుకు తీస్కోలే?”

“ముద్ర సర్కారోళ్లది గదరా. ఎన్నడన్న మనకిచ్చిన్రా? ముట్టుకుంటె ఏమంటరో అనుకున్న.”