గాజు కడిగిన అన్నా

ఎందుకు దాసిపెట్టింది, ఎందుకు దాసిపెట్టింది అని పొద్దటిసంది గదే అంటున్నవ్ షారోన్. నీ కింద పనిజేసే పిల్ల, ఆ సుష్మ, ఒకల రక్తం సీసా మీద ఇంకొకల పేరు రాశింది, రెండు దినాలు సప్పుడు జెయ్యలే, గంతే గదా? నిజాంబాద్ కంఠేశ్వర్‌ల గా దవాఖాన ల్యాబుకు పెద్దవైనవ్, నీకు కోపం రావాలె, వచ్చింది. రేపు పొద్దుగాల తీసేస్తనంటున్నవ్, తీసెయ్ మల్ల. కాని ఎందుకు దాసింది అన్నవ్ సూడు, గది నన్నడుగు, మీ తాతను. నాకెర్కే. కూసో ఇట్ల. అరె, ఫోన్ పక్కకు పెట్టు జెర. దేవన్న పేరు నువ్విన్లే. మీ అమ్మ అప్పటికి సంకల పిల్ల.

కోటగిరి దిక్కు ఒక చిన్న చక్కెర ఫ్యాక్టరీ ఉండె. ఇప్పుడు లేదు తియ్, ఇనుమంత తుక్కుకు పోయింది. దాని బాయిలర్ మీద మేం తొమ్మిది మందిమి, మా మీద దేవన్న మేస్త్రి. సిరికొండ అడివి దిక్కు మనిషి, పొట్టిగ ఉంటుండె, సంతకం దాకనే సదువు. ఆయనకు రెండు పిచ్చిలు. ఒకటి, వారం వారం బేస్తారం వచ్చిందంటె అందరి పనులు మార్సేటోడు. పొయ్యిల చెరుకు పిప్పి ఏశేటోళ్లు నీళ్లు సూడాలె, నీళ్లు సూశేటోడు పిప్పి ఎయ్యాలె. ఆయన సేతులు ఎన్కకు కట్టుకోని గోడకు నిలవడేటోడు. "అన్నా, ఇదెట్ల తిప్పాలె?" అంటె "నేను ఊళ్లె లేననుకో" అంటుండె. నాకు మస్తు మండేది బిడ్డా, జీతం తీసుకుంట గోడకు నిలవడుడేంది అని. రెండోది, అన్నం తినే యాళ్లకు అందరం గుండ్రంగ కూసుంటె, పొద్దటిసంది ఎవ్వలేం తప్పు జేశిండ్రో సెప్పినంకనే గిన్నె మూత తియ్యాలె. ఆయన తప్పు ముందుగాల సెప్పేటోడు. ఒకనాడు లేకున్నా ఎతికి సెప్పేటోడు. ఎవ్వలు నవ్వద్దు, ఎవ్వలు తిట్టద్దు, రేపటికేం జెయ్యాలె గదొక్కటే మాట్లాడాలె. నిజం సెప్తున్న, గా నాలుగేండ్లు మా బాయిలర్ మీద ఎవ్వనికి గోరు గూడ ఊడలే.

తర్వాత సురేందర్ సారని కొత్త ఆఫీసర్ వచ్చిండు. ఇస్త్రీ అంగి, సేతుల ఎప్పుడు ఒక రాసుకునే అట్ట. మేం గుండ్రంగ కూసున్నది సూశి "ఏంది ఇది, పంచాయితా? తప్పు జేశినోని పేరు నాకు సెప్పుండ్రి, గేటు బయట పెడ్త" అన్నడు. దేవన్న నవ్విండు. "సార్, మీరు పేర్లు రాసుకుంటె నాకు తప్పులు దొర్కయ్" అన్నడు. ఆయినకేం సమజైతది? మర్నాటిసంది గుండ్రంగ కూసునుడు బంద్. ఎవ్వని గిన్నె వాడు గోడకు మొకం పెట్టి తినుడే. గదే వారంల బిడ్డా, గదే వారంల.

బాయిలర్‌కు ఒక గాజు గొట్టముంటది. లోపట నీళ్లు ఎంతున్నయో దాంట్ల కనవడాలె. నీళ్లు తగ్గినయంటె పొయ్యి ఆపాలె, లేకుంటె ఇనుము ఎర్రగై బాయిలర్ పేల్తది. గా గాజును డ్యూటి ఎక్కంగనే, పక్కన చావి తిప్పి మురికినీళ్లు బయటికి ఇడిశి కడగాలె, లేకుంటె మురికి అడ్డం పడి పాత నీళ్లే కనవడ్తయి, లోపట ఎండుకపోయినా మనకు నిండుగనే కనవడ్తది. గా పొద్దు కడిగే పని నాది. బస్సు ఆలిశమైంది, ఉరుక్కుంట వచ్చిన, దాని చావి బిగుసుకోని ఉన్నది. ఇంకింత సేపటికి తిప్పుదాం తియ్ అనుకున్న. అన్నం యాళ్లయింది. ఎన్కటి లెక్క అయితె గప్పుడే సెప్పుదును. సురేందర్ సారు అట్ట పట్టుకోని ఆడనే తిరుగుతుండె. ఇంట్ల ముగ్గురు పిల్లలు. గోడకు మొకం పెట్టి తిన్న.

గంట గాలే, రుక్మాబాయి కేకేసింది. పిప్పి ఏశే మనిషి, దెగ్లూర్ దిక్కు మరాఠి ఆమె. "దేవన్నా, పాణీ హలత్ నాహీ!" నీళ్లు కదుల్త లెవ్వంటది. బతికున్న నీళ్లు గాజుల సన్నంగ అల్లాడుతుంటయి. బేస్తారాలల్ల నీళ్ల కాడ నిలవడి నిలవడి నేర్సుకున్నది ఆమె. సురేందర్ సారు ఉర్కొచ్చి "సగం దాక నీళ్లు కనవడ్తలేవా? పిప్పి ఆగితె మిల్లంత ఆగుతది, ఎయ్ పిప్పి!" అన్నడు. దేవన్న గాజు సూశిండు, నన్ను సూశిండు. "ఏసయ్యా, కడిగినవా?"

కడిగిన అన్నా, అన్న.

గంతే బిడ్డా. ఒక్క మాట. "ఏసయ్య అన్నడంటె కడిగినట్టే" అన్నడు దేవన్న. అనుకుంటనే నిచ్చెన ఎక్కిండు తనే తిప్పి సూద్దామని. ఈడ రుక్మాబాయి ఎవ్వల హుకుం సూడలే, పిప్పి పార కింద కొట్టింది. ఒకలు పొయ్యి తలుపులు తీశిండ్రు, ఒకలు నిప్పు గుంజిండ్రు. సారు "నీళ్లు ఇడువుండ్రి, నీళ్లు ఇడువుండ్రి" అని మొత్తుకుంటుండు. ఎర్రగైన ఇనుము మీద సన్నీళ్లు పడితె మేమందరం ఆడనే ముక్కలైతుంటిమి. నీళ్ల పంపు కాడి భోజన్న దాని చక్రాన్ని కౌగిలించుకోని కూసున్నడు, సారు గుద్దుతున్నా ఇడువలే. ఒక్కలు గూడ మేస్త్రిని అడగలే, ఏం జెయ్యాలె అని. బాయిలర్ నిలిసింది. కాని పైన దేవన్న చావి తిప్పంగనే గాజు పగిలి ఆవిరి మొకం మీదకొచ్చింది.

నిజాంబాద్ పెద్ద దవాఖాన్ల మూడు దినాలే ఉన్నడు పాణంతోని. మొకమంత పట్టీలే. రెండో దినం మమ్ముల పిలిపిచ్చి మంచం సుట్టు నిలవెట్టుకున్నడు. "నా తప్పు ముందుగాల సెప్త. పొయ్యి ఆపకుంట నిచ్చెన ఎక్కిన. ఇగ మీరు." రుక్మాబాయి ఏడ్సుకుంట సెప్పింది, నిన్ను కేకెయ్యకముందే పార కింద పడెయ్యాల్సుండె అన్నది. భోజన్న ఇంకేందో సెప్పిండు. ఒకలెన్క ఒకలు. నా వంతు వచ్చింది. సురేందర్ సారు తలుపు కాడ నిలవడి ఉన్నడు. నాదేం లేదన్నా, అన్న.

ఆయన దుప్పట్లకెల్లి సెయ్యి ఎత్తి నా సెయ్యి ఎతుక్కుండు, దొరికింది, పట్టుకుండు. "మంచిది ఏసయ్యా. ఎప్పుడన్న యాదికొస్తె సెప్పు. నేనేమన" అన్నడు.

ఆయినకు ఎర్కే బిడ్డా. గాజుల మురికి కండ్లార సూశిన మనిషి. ఎర్కుండే అడిగిండు... నేను సెప్పకముందే పోయిండు.

ఏం సూస్తున్నవ్ గట్ల? మబ్బు పట్టింది. వాకిట్ల పసుపు ఆరబోసి ఉన్నది. లే, తాడిపత్రి పట్ట కప్పుదాం.