అద్దం పక్కన కంబం

పరీక్ష చెయ్యకుండానే మా అమ్మ కారు నమూనా మీద సంతకం పెట్టేసిందని రాశారు కదా సార్ ఈ వాంగ్మూలంలో, దీని కింద నేను వేలిముద్ర కూడా వెయ్యను. ఏమనుకోకండి. కొంచెం మెల్లగా మాట్లాడండి, అమ్మ పక్క గదిలోనే ఉంది.

ఏంటీ? అయ్యో, కోపం కాదు సార్. నాకు కోపం రాదు, అదే నా రోగం.

ఇరవై రెండేళ్లు చేసింది సార్ ఆ కార్ల కంపెనీలో. ఎవరో గీసినవాటికి నకళ్లు తీసే పనికి చేరి, కారు రూపం మొత్తం తనే గీసేదాకా వచ్చింది. నేనేమో తొమ్మిదిలోనే చేతులెత్తేశాను. నేను గీత గీస్తే పామవుద్ది.

ఈ కారుకి ముందు అద్దం పక్కన కంబం ఉంటుంది చూశారా, అది లావై రోడ్డుని కప్పేస్తుందేమోనని అమ్మకి అనుమానం. కంపెనీలో డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి పరీక్షించినోళ్లంతా తాటిచెట్టంత మనుషులు. "మరి పొట్టోళ్లు నడిపితే?" అందట. పెద్ద ఇంజనీరు నవ్వాడట, "ఇంటికెళ్లి మీ బుడ్డోణ్ని అడగండి మేడం" అని. బుడ్డోడంటే నేనే. ఇరవై దాటినా అయిదడుగులు దాటలేదుగా!

నిజంగానే అడిగింది సార్. హాల్లో కుర్చీ వేసి, కొలిచి, దాని ముందు సరిగ్గా ఆ కంబమంత లావు అట్ట నిలబెట్టింది. "ఒరేయ్, నువ్వు డ్రైవరువి, తల కదపకు. నేను రోడ్డు దాటుతున్నా. కనబడకపోతే చెప్పు." ఆ గోడ నుంచి ఈ గోడకి మూడుసార్లు నడిచింది.

ఆఁ, తెలుసు సార్. ఈ కారు గుద్దిన ఆ పెద్దాయన కూడా అలాగే రోడ్డు దాటుతున్నాడు. పోయాడనీ తెలుసు.

ఆ కబురు విన్నప్పట్నించీ అమ్మకి తిండి లేదు. ఒకటే మాట. "మా వాడికి కనబడ్డానే... మా వాడికి కనబడ్డానే..."

కంబం సన్నం చెయ్యాలంటే తలుపులతో సహా మళ్లీ మొదట్నించీ గియ్యాలి సార్. నాలుగు నెలల చాకిరీ. అప్పటికే మనిషి పుల్లలా అయిపోయింది. నడుస్తూ "కనబడుతున్నానా?" అంటుంటే, లేదని ఎట్లా అంటాను?

మూడోసారి ఆగి మరీ అడిగింది. "నిజం చెప్పరా నాన్నా."

అట్ట వెనక్కి వెళ్లగానే మనిషే లేదు సార్. గొంతొక్కటే వస్తోంది. "నిండుగా కనబడుతున్నావమ్మా" అన్నాను.

రాసుకోండి. ఆవిడ పరీక్ష చేసింది. అబద్ధమాడింది నేను.

దానికైతే సంతకం పెడతాను, ఎక్కడ పెట్టమంటే అక్కడ. కానీ ఆ గదిలోకెళ్లి అమ్మకి మాత్రం మీరే చెప్పండి సార్. నాకు నోరు రాదు.